సోమవారం చాకిరీ: విక్టోరియా కాలపు అమెరికా ఇల్లు

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ అధ్యాపకురాలు జీవితమంతా ఆడపిల్లలకు హోమ్ సైన్సు చెప్పారు. అందుకే రాజుల సంగతీ యుద్ధాల సంగతీ పక్కనపెట్టి ఇంటి సంగతి, అందులోనూ పెరటి సంగతి ఎంచుకున్నాను.

అమెరికాకు రాణి లేదు. అయినా విక్టోరియా గద్దె మీదున్న 1837–1901 మధ్య కాలాన్ని అక్కడివాళ్లూ ఆవిడ పేరుతోనే చెప్పుకుంటారు. 1848లో ఒక లండన్ పత్రిక రాణీ, ఆవిడ భర్త ఆల్బర్టూ, పిల్లలూ క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ వేసింది. ఫిలడెల్ఫియా నుంచి వెలువడే ‘గోడీస్ లేడీస్ బుక్’ 1850లో దాన్నే తీసుకుని, రాణి తలమీది కిరీటం చెరిపేసింది, ఆల్బర్ట్ మీసం తీసేసింది. దాంతో రాజకుటుంబం కాస్తా ఫలానా అమెరికన్ సంసారం అయిపోయింది. ఆడవాళ్లు ఆ బొమ్మ చూసి తమ ఇళ్లు దిద్దుకున్నారు.

ఆ సంసారం ముస్తాబంతా ముందుగదిలోనే. బరువైన తెరలు, గాజుబుడ్డి కింద మైనపు పూలు, కాళ్లతో తొక్కి వాయించే ఆర్గన్. చూడవచ్చినవాళ్లు నేరుగా లోపలికి రాకూడదు. పేరు అచ్చేసిన కార్డు పనిమనిషికిస్తే పళ్లెంలో పెట్టి తీసుకెళుతుంది. ‘అమ్మగారు ఇంట్లో లేరు’ అని కబురొస్తే, మేడమీద ఆవిడ నవ్వు వినిపిస్తున్నా సరే, నమ్మి వెళ్లిపోవాలి. భోజనాల వేళకు చెప్పాపెట్టకుండా దిగే చుట్టాల మధ్య పెరిగిన మనకు ఇది వింతే.

చరిత్ర పుస్తకాల్లో ఈ ముందుగది బాగానే దొరుకుతుంది. వెనకవైపు దొరకదు. హార్ట్‌ఫర్డ్‌లో రచయిత మార్క్ ట్వేన్ కుటుంబం 1874లో చేరిన 25 గదుల ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ ఇంటి గురించి అందరూ రాశారు. నాకు మాత్రం అక్కడ పనికి కుదిరి సుమారు 30 ఏళ్లు ఆ కుటుంబంతోనే గడిపిన కేటీ లియరీ చెప్పి రాయించిన జ్ఞాపకాలే ఎక్కువ ఇష్టం. 1925లో అచ్చయ్యాయి. అలాంటి పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

సోమవారం ఉతుకుడు, మంగళవారం ఇస్త్రీ. దేశమంతటా ఇది దాదాపు శాస్త్రంలా నడిచింది. బట్టలు ముందే నానబెట్టి, తెల్లవారకముందే పొయ్యి రాజేసి నీళ్లు కాచాలి. పల్లెల్లో సబ్బు కూడా ఇంట్లో వండినదే. కట్టెల బూడిద మీద నీళ్లు పోసి దింపి, ఆ క్షారంలో కొవ్వు వేసి మరగబెట్టేవాళ్లు. అది మురికితో పాటు చేతుల చర్మాన్నీ లాగేది. గాళ్ల పలక మీద రుద్ది, ఉడకబెట్టి, కర్రతో కలియతిప్పి, బరువెక్కిన బట్టల్ని ఎత్తి జాడించి, నీలిమందు పెట్టి, పిండి, గంజిపెట్టి ఆరేయాలి. ఒక్కసారి ఉతికి, ఉడికించి, జాడించడానికి సుమారు 50 గాలన్లు, అంటే 190 లీటర్ల నీళ్లు కావాలి. కుళాయి లేని ఇంట్లో అదంతా బావి నుంచి బకెట్లతో రావలసిందే. మన చాకిరేవులో ఉబ్బకు పెట్టి, బండకేసి బాదిన పనికీ దీనికీ తేడా ఒకటే. మనవాళ్లు బట్టల్ని నీళ్ల దగ్గరికి మోశారు, వాళ్లు నీళ్లను బట్టల దగ్గరికి మోశారు.

ఇస్త్రీపెట్టె మామూలుగా గట్టి ఇనుపముద్ద. మన బొగ్గుల పెట్టెలా లోపల నిప్పుండదు. రెండు మూడు పొయ్యి మీద పెట్టి, ఒకటి చల్లారేసరికి ఇంకొకటి అందుకోవాలి. పిడి కూడా కాలేది. 1871లో అయోవా రాష్ట్రంలోని ఒటమ్వా ఊరి మేరీ ఫ్లారెన్స్ పాట్స్, తీసి తగిలించుకునే చెక్కపిడికి పేటెంటు తీసుకుంది. ఎండాకాలంలో ఆ పొయ్యి పక్కనే నిలబడి గౌన్ల కుచ్చిళ్లు సాపుచేసినవాళ్లు ఆవిడకు దణ్ణం పెట్టుకునే ఉంటారు.

ఈ చాకిరీని లెక్కగట్టి చూసిన మనిషి కాథరిన్ బీచర్. చెల్లెలు హారియట్ బీచర్ స్టోవ్‌తో కలిసి 1869లో ‘ది అమెరికన్ వుమన్స్ హోమ్’ రాసింది. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుంటే ఎన్ని అడుగులు మిగులుతాయో గీసి చూపింది. ఆవిడకు పెళ్లి కాలేదు, సొంత సంసారం లేదు. బహుశా అందుకే ఇంటిపనిని మమకారం అడ్డురాకుండా చూడగలిగింది. పది పన్నెండు కుటుంబాలకు కలిపి ఒక ఉతుకుడుశాల ఉండాలన్నది కూడా ఆవిడే. ఆ మాట ఎక్కువమంది వినలేదు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో మెలూసినా ఫే పియర్స్ అలాంటి సహకార సంఘం పెట్టింది గానీ, సభ్యుల భర్తలు కొందరికి గిట్టక, 1871కల్లా మూతపడింది.

యంత్రాలు రాలేదా అంటే వచ్చాయి. 1886లో జోసెఫిన్ కాక్రన్ గిన్నెలు కడిగే యంత్రానికి పేటెంటు తీసుకుంది. 1893 షికాగో ప్రదర్శనలో దాన్ని జనం మెచ్చుకున్నారు. కొన్నది మాత్రం హోటళ్లవాళ్లు. ఇళ్లలో దానికి చాలినన్ని వేడినీళ్లు ఉండేవి కావు. బోస్టన్ చుట్టుపక్కల చెరువుల్లో మంచు కోసి ఓడల్లో మద్రాసు దాకా పంపినవాళ్లు (మెరీనా ఒడ్డున ఐస్ హౌస్ కట్టింది అందుకే) వంటింట్లోకి వేడినీళ్లు పంపలేకపోయారు! ఇళ్లకు చవగ్గా దొరికిన యంత్రం ఇంకొక ఆడమనిషి. ఉత్తరాదిలో ఐర్లండు నుంచి వచ్చిన పిల్ల, దక్షిణాదిలో నిన్నటిదాకా బానిసగా ఉన్న నల్లజాతి స్త్రీ.

పనిలోనే కాదు, చావులోనూ ఎక్కువ బరువు ఆడవాళ్లదే. చావు వచ్చిన ఇంట్లో గడియారం ఆపి, అద్దాలకు గుడ్డ కప్పేవాళ్లు. భర్త పోయిన స్త్రీ రెండేళ్లో అంతకు మించో నల్లబట్టల్లో ఉండాలి. మగవాడికి అంత పట్టింపు లేదు. గోడీస్ సంపాదకురాలు సారా జోసెఫా హేల్ 1822లో భర్త పోయిన నాటి నుంచి 1879లో తాను పోయేదాకా నలుపే తొడిగింది. అయితే అక్కడి వితంతువుకు ఎవరూ శిరోముండనం చేయించలేదు, మళ్లీ పెళ్లాడితే వెలివేయలేదు. మన వితంతువు కష్టంతో దాన్ని తూచకూడదు. రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించిన 1881 డిసెంబరు 11న ఊరు ఎంత అట్టుడికిందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

మళ్లీ ఉతుకుడు దగ్గరికొస్తే, అదే ఏడాది జులైలో అట్లాంటాలో ఇరవైమంది చాకలి స్త్రీలు సంఘం కట్టారు. వాళ్ల సంపాదన నెలకు నాలుగు నుంచి ఎనిమిది డాలర్లు. డజను పౌన్ల బట్టలకు ఒక డాలరు ఇస్తేనే ఉతుకుతామన్నారు. ఇల్లిల్లూ తిరిగి చెబితే మూడు వారాల్లో సంఘం మూడువేలకు చేరింది. అందులో దాదాపు అందరూ నల్లజాతివాళ్లే. కొందరిని అరెస్టు చేసి జరిమానాలు వేశారు. చాకలి సంఘాల్లోని ప్రతి మనిషీ ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు తీసుకోవాలని నగర కౌన్సిల్లో ప్రతిపాదన పెట్టారు. స్త్రీలు మేయరు జేమ్స్ ఇంగ్లిష్‌కు ఉత్తరం రాశారు: లైసెన్సు సొమ్ము కడతాం, యాభయ్యయినా కడతాం, అప్పుడు ఊరి బట్టలన్నిటి ధరా మేమే నిర్ణయిస్తాం, ఈ వారంలో తేల్చండి, లేదా ఉతుకుడు లేదు అని. కౌన్సిల్ ఆ లైసెన్సు ప్రతిపాదనను తోసిపుచ్చింది.