విదేశీ చదువు - మన బాధ్యత
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల నుండి కూడా మన పిల్లలు పై చదువులకు విదేశాలు వెళుతున్నారు. సంతోషమే. కాని అక్కడి విద్యార్థి జీవితం ఎట్లా వుంటుందో పంపేముందే మనకు తెలిసివుండాలి గదా!

డాక్టర్ జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాదులో జన్మించారు. పదేళ్ళకే తండ్రి, తర్వాత కొన్నేళ్ళకు తల్లి పోయారు. అయినా బెర్లిన్ వెళ్ళి అర్థశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకొన్నారు. అక్కడ చదువుతూనే అచ్చాపీసులో స్వయంగా అక్షరాలు కూర్చి గాలిబ్ కవితలను అచ్చువేయించారు. 1926లో మిత్రులు ఆబిద్ హుసేన్, ముజీబ్‌లతో తిరిగివచ్చి, మూతపడేట్టున్న జామియా మిల్లియాను నిలబెట్టారు. 1967లో రాష్ట్రపతి అయ్యారు. నేర్చిన చదువు పదిమందికి ఎట్లా అక్కరకు రావాలో ఆయన చూపారు.

ఇక ఇప్పటి సంగతి. అమెరికాకు స్టూడెంటు వీసా మీద వెళ్ళినవారు సాధారణంగా, తరగతులు జరిగే రోజుల్లో, యూనివర్సిటీ ఆవరణలోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి. ఆ డబ్బు ఫీజులకు చాలదు. "రెండో నెల నుంచే పంపిస్తాడులే" అని మిరపచేను అమ్మి పంపితే, ఆ కుర్రవాడు దొంగచాటు పనికి దిగక ఏం చేస్తాడు? పట్టుబడితే వీసా పోతుంది, చదువూ పోతుంది, చేను ఎటూ పోయింది.

కాబట్టి కోర్సు ఏది, మొత్తం ఖర్చెంత, స్కాలర్‌షిప్పు దొరుకుతుందా అని ముందే విచారించండి. చదివే ఆడపిల్లకూ ఇదే అవకాశం ఇవ్వండి. ఫోను చేసినప్పుడు "ఎంత పంపుతావు?" అనకండి. "ఏం చదువుతున్నావు బేటా, వేళకు తింటున్నావా?" అని అడగండి.

సెలవు. జైహింద్.