చెరువు చేపల రాబడిలో హెచ్చుతగ్గులు

(ఖిల్లా ఘణపూర్ మత్స్యకారుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గణపసముద్రము ఖిల్లా ఘణపూర్‌కు ఎట్టిదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. కట్ట క్రింది రైతునకు అది పంట. వల చేతబట్టిన ముదిరాజునకు, బెస్తకు అది కూడు. అయితే తన పొలము ఎంత పండునో రైతు ఇంచుమించుగా ముందే చెప్పగలడు. చెరువులో ఎంత చేప దొరకునో మత్స్యకారుడు చెప్పలేడు. ఒక ఏడు బుట్టలు చాలవు. మరుసటి ఏడు పడిన శ్రమకైనను ఫలము దక్కదు. దీనిని అదృష్టమని విడిచిపెట్టుట తగదు. ఈ హెచ్చుతగ్గులకు కారణములున్నవి. వానిలో కొన్ని మన చేతిలోనివే.

మొదటిది నీరు. పాలమూరు సీమలోని చెరువులు జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియు వానలకు నిండి, వేసవికి అడుగంటును. నీరు విస్తరించినకొలది చేపకు మేతయు, దాగుచోటును పెరుగును. నీరెన్ని నెలలు నిలిచిన, అన్ని నెలలు చేప ఎదుగును. కంబోడియా దేశపు టోన్లే సాప్ సరస్సునందును వరద పెద్దదైన ఏట రాబడి హెచ్చుగా నుండును. ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల పథకము వలన కృష్ణాజలములు వనపర్తి ప్రాంతమునకు వచ్చుచున్నవి. కాని నీరున్నంత మాత్రమున చేప యుండదు.

రెండవది పిల్ల. బొచ్చె, రోహు, మృగాల పారునీటిలో గ్రుడ్లు పెట్టు జాతులు. నిలువనీటి చెరువులో సంతతిని వృద్ధి చేసికొనవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథిరసమును సూదితో ఎక్కించి ఈ జాతుల చేత గ్రుడ్లు పెట్టించెను. నాటినుండి చేపపిల్లల ఉత్పత్తికి మార్గము సుగమమైనది. తెలంగాణ ప్రభుత్వము 2016–17లో ఉచిత చేపపిల్లల పంపిణీ పథకమును ప్రారంభించినది. ఏడాది పొడవునను నీరుండు చెరువులో కొర్రమీను, వాలుగ వంటి మాంసాహార చేపలు మిగిలియుండి చిన్న పిల్లలను మ్రింగివేయును. అందుచే అట్టిచోట పెద్ద పిల్లలనే విడువవలెను. మితిమీరి విడుచుటయు మేలు కాదు. ఉన్న మేత పెక్కు నోళ్లకు పంచబడి, ఏ చేపయు తూకమునకు రాదు.

మూడవది మన వల. తొలకరి నీటికి చేపలు ఎదురెక్కునప్పుడు మాటువేసి పట్టుట మనకు వాడుక. అవి గ్రుడ్లతో నిండిన తల్లులు. కొర్రమీను నిలువనీటిలోనే సంతతిని కని, ఎర్రని పిల్లల గుంపును వెన్నంటి కాచును. ఆ గుంపును గుర్తుగా చూచి తల్లిని పట్టినచో, కాపులేని పిల్లలు ఇతర చేపల పాలగును. ఆనాడు చేతికి వచ్చినది ఒక్క చేప. పోయినది మరుసటి ఏటి రాబడి.

ఇంకొక విషయము మరువరాదు. వేసవిలో నీరు గుంటలకు చేరినప్పుడు ఒక్క విసురుకే వల నిండును. చెరువులో చేపలు మెండుగా నున్నవని సంతోషింతుము. నిజమునకు పెరిగినది చేపల సంఖ్య కాదు, తగ్గినది నీరు. ఆ మిగిలిన చేపలను సైతము ఊడ్చివేసినచో, నీటిలోనే సంతతి కను జాతులకు విత్తనము మిగులదు.

కావున సహకార సంఘములవారు నాలుగు పనులు చేయవలెను. అలుగునకు వెదురు తడికలు కట్టి చేపలు కొట్టుకొనిపోకుండ కాపాడవలెను. తొలకరి దినములలో వల మానవలెను. చెరువు నడుమ లోతైన మడుగు నొకదానిని వేసవిలో ముట్టక తల్లిచేపలకు విడువవలెను. ఏ దినమున ఎన్ని వలలు వేసితిమి, ఎంత తూకము వచ్చినది, నీరెంత యున్నదని పుస్తకమున వ్రాయవలెను. మూడు నాలుగేండ్ల లెక్క చేతనున్నచో, వల ఒక్కింటికి వచ్చు తూకము తగ్గుచున్నదో పెరుగుచున్నదో మనకే తెలియును.

రైతు ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజను తినడు. ఆ నియమమునే మనము నీటిలోను పాటింతము.