పాత బొమ్మ ఇంజను - మన డబ్ల్యూ.డి.ఎం.-2
(వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత డీజిల్ షెడ్డు ఉద్యోగి ప్రసంగ పాఠం)



బల్లమీదున్నది అమెరికా ఆల్కో ఇంజనుకు పాత నమూనా, అసలులో 87వ వంతు. దీన్ని మన డబ్ల్యూ.డి.ఎం.-2గా మారుస్తున్నాను. మనకు మొదటివి 1962లో ఆల్కో నుంచే వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. కనుక రెండూ దాయాదులే. బోగీ చూడండి, మూడు ఇరుసుల మధ్య ఎడం సమానంగా లేదు. మనదీ అంతే. అది కుదిరితే సగం పని అయినట్టే.

బాడీతోపాటే పోతపోసిన హ్యాండ్‌రైళ్లను బ్లేడుతో చెక్కేసి ఇత్తడి తీగ పెట్టాలి. రెండు చివర్లా బఫర్లు అమర్చాలి. మన చక్రం 1092 మి.మీ., ఇక్కడ పన్నెండున్నర. పాత చక్రాల ఫ్లాంజీలు మరీ మందం, మార్చక తప్పదు. బ్రాడ్‌గేజి లెక్కకు 19 మి.మీ. పైచిలుకు రావాలి, బజారులో దొరికే పట్టా 16.5. దాని జోలికి పోలేదు. ఈ వయసులో అంత పంతం దేనికి?

అసలు చిక్కు రంగు దగ్గర. ఏ నెంబరు? ఏ సంవత్సరం? కొన్నిటికి ముక్కు క్యాబంత వెడల్పు, జంబోలనేవాళ్లం. ఓవర్‌హాలుకు పోయొస్తే అదే ఇంజను రంగు మారేది. జ్ఞాపకం మీద వేస్తే పదేళ్లు కలగలిసిపోతాయి. పోల్చుకుందామంటే చాలావరకు తుక్కుకు పోయాయి. మన మనుమలకు కనబడేది ఈ బొమ్మే.

అందుచేత మీ ఇంటి ఫొటోల్లో వెనక ఇంజను ఉంటే, నెంబరు, ఏడాది రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. కాపీ తీసుకుని ఫొటో భద్రంగా తిరిగి ఇస్తాను.