పడక పక్కన ఎవరు ఉన్నారు?
(సొసైటీ వార్షిక సభలో పిల్లల ఐసీయూ నర్సుల ప్రసంగ పాఠం)



 మేము పిల్లల ఐసీయూలో పనిచేసే నర్సులం. మాలో ముస్లింలున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. 

నర్సుల గురించి మాట్లాడితే మన సభల్లో హజ్రత్ రుఫైదా (రజి) పేరు రాక తప్పదు. ఖందక్ యుద్ధంలో బాణం తగిలిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)ను ఆమె గుడారంలో ఉంచమని దైవప్రవక్త (సల్లం) చెప్పారని సీరా గ్రంథాల్లో ఉంది. దగ్గరగా ఉంటే వెళ్లి చూస్తూ ఉండవచ్చని ఆయన ఉద్దేశం. ఆ ‘దగ్గరగా’ అన్న మాట గురించే మేము ఈ రోజు మాట్లాడదలిచాం.

కొన్నేళ్ల కిందట మా వార్డుకు ఏడేళ్ల పాప న్యుమోనియాతో వచ్చింది. వెంటిలేటర్ పెట్టాం. నాలుగో రోజుకు ఎక్స్‌రే బాగుపడుతోంది. అయినా ఇంకో మూడు రోజులు మత్తులోనే ఉంచాం. తప్పు మందు ఎవరూ ఇవ్వలేదు. రాత్రి డ్యూటీలో ఒక్కో నర్సుకు ముగ్గురేసి పిల్లలు. కదిలితే ట్యూబు లాగేసుకుంటుందని భయం. అందుకని కదిలినప్పుడల్లా మత్తు డ్రిప్పు కాస్త పెంచాం. ట్యూబు తీశాక పాప వాళ్ల అమ్మీని గుర్తుపట్టలేదు. పైకప్పు వైపు చూస్తూ దుప్పటి పీకేది, వణికేది, రాత్రంతా నిద్ర లేదు. గాలి సోకిందని నానీ తావీజు తెచ్చింది. మేమేమో మొండిచేస్తోందని చేతులు కట్టాం. తావీజు తెచ్చిన ఆమెకంటే మేమేమీ తెలివైన పని చేయలేదు. అది డెలీరియం. దానికి తోడు, ఎక్కువ రోజులు ఇచ్చిన మత్తుమందు ఒక్కసారిగా తగ్గడంతో వచ్చిన బాధ. పాప ఇంటికి వెళ్లింది, అల్హందులిల్లాహ్. నెల తర్వాత చూపించడానికి వచ్చినప్పుడు, లైటు ఆర్పితే ఏడుస్తోందనీ, బడికి పోనంటోందనీ వాళ్ల అమ్మీ చెప్పింది. మా రికార్డులో మాత్రం ‘కోలుకుంది’ అనే ఉంది.

ఆ తర్వాత మా పద్ధతి మారింది. పొద్దున రౌండ్లో డాక్టరు గారు, మేము కలిసి ఈ బిడ్డకు ఎంత మత్తు చాలో నిర్ణయించుకుంటాం. తర్వాత నాలుగు గంటలకోసారి నర్సు బిడ్డ పక్కన నిలబడి రెండు నిమిషాలు ఊరికే చూస్తుంది. మెలకువ, ఆందోళన, వెంటిలేటర్‌తో పాటు ఊపిరి తీస్తున్న తీరు, కదలిక, కండరాల బిగువు, ముఖం ముడుచుకోవడం. ఈ ఆరింటికి ఒకటి నుంచి ఐదు మార్కులు. దీన్ని కంఫర్ట్-బి స్కేలు అంటారు. మార్కులు తక్కువైతే మత్తు ఎక్కువైందని అర్థం. రాసి ఉన్న హద్దులో నర్సే డ్రిప్పు తగ్గిస్తుంది, డాక్టరు కోసం తెల్లారేదాకా ఆగదు. బిడ్డ తనంతట తాను ఊపిరి తీసుకోగలడా అని రోజూ పరీక్ష పెట్టాలని గుర్తుచేసేదీ నర్సే. రాత్రి లైట్లు తగ్గిస్తాం. తల్లిని లోపలికి రానిస్తాం, చేతులు కడిగించి బిడ్డ కాళ్లకు నూనె రాయమంటాం. తెలుగులో మేమెంత పిలిచినా కళ్లు తెరవని ఒక బాబు, వాళ్ల దాదీ దక్కనీలో తిట్టగానే తెరిచాడు.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. బ్రిటన్‌లో 2018, 2019 సంవత్సరాల్లో 18 పిల్లల ఐసీయూల్లో 8,843 మంది పిల్లలతో శాండ్‌విచ్ అనే పరిశోధన జరిగింది. మత్తు తగ్గించడంలో, వెంటిలేటర్ నుంచి విడిపించడంలో బృందమంతా కలిసి పనిచేస్తూ నర్సుల పాత్ర పెంచితే, ఎక్కువ కాలం వెంటిలేటర్ కావలసిన పిల్లలకు ట్యూబు సుమారు ఆరు గంటలు ముందు తీయగలిగారు. ఆరు గంటలేనా అనవచ్చు. ట్యూబు ఉన్న బిడ్డ తల్లిని అడగండి, ఆరు గంటలంటే ఎంతో చెబుతుంది. అయితే నిజం పూర్తిగా చెప్పాలి. అంతకుముందు అమెరికాలో 31 ఐసీయూల్లో 2,449 మంది పిల్లలతో చేసిన రిస్టోర్ పరిశోధనలో (2015) వెంటిలేటర్ రోజులు తగ్గలేదు. కానీ పిల్లలు ఎక్కువ మెలకువగా ఉన్నారు, మార్ఫిన్ జాతి మందులు తక్కువ రోజులు పడ్డాయి. మా పాప సంగతి తెలిసినవాళ్లకు అదీ చిన్న విషయం కాదు.

ఇక మా అర్జీ. ఈ ఏడు ఇంకో వెంటిలేటర్ ఇస్తామని సొసైటీ పెద్దమనసుతో అన్నది. దయచేసి వద్దు. ఉన్న వాటిలో రెండు నర్సు లేక మూలన ఉన్నాయి. వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు ఒక నర్సు ఉండాలి, మాకు రాత్రిపూట ఇప్పటికీ ఇద్దరికి ఒకరే. ఆ సొమ్ముతో రెండేళ్లపాటు ఇద్దరు రాత్రి నర్సుల జీతం ఇప్పించండి, పిల్లల ఐసీయూ శిక్షణకు మరో ఇద్దరిని పంపండి. మిగిలితే బయట వరండాలో గోనెపట్టా మీద పడుకుంటున్న తల్లులకు నాలుగు మంచాలు వేయండి. యంత్రం మీద దాత పేరు స్టిక్కరు అంటించవచ్చు, నర్సు మీద అంటించలేం. ఆ ఇబ్బంది మాకు తెలుసు. జకాత్ సొమ్ము జీతాలకు చెల్లుతుందా అన్నది ముఫ్తీ సాబ్‌ను అడగాల్సిన మాట. మేము అడుగుతున్నది లిల్లాహ్ సొమ్ము గురించే.

నిర్ణయించే ముందు కమిటీ పెద్దలు ఇద్దరు ముగ్గురు ఒక రాత్రి మా వార్డుకు రావాలి. ఇషా నమాజు చదువుకుని బయలుదేరితే డ్యూటీ మారే సమయానికి అందుకుంటారు. చెప్పులు బయట విడవాలి, ఫోను సైలెంట్లో పెట్టాలి. రెండు గంటలు ఒక పడక పక్కన కుర్చీ వేస్తాం.