సెర్చ్ ఇంజన్ల ఎంపిక - కార్మికుని గోప్యత

(సూరత్‌లో తెలుగు జౌళి కార్మికుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పని గంటలు, భవిష్యనిధి వంటి విషయాలపై ప్రసంగించడం మనకు పరిపాటి. నేడు నాకు అప్పగించిన అంశం వాటికి దూరమైనదిగా మొదట తోచవచ్చును. ఇంటర్నెట్‌లో సమాచారం వెదకడానికి ఉపయోగించే సెర్చ్ ఇంజన్లలో దేనిని ఎన్నుకొంటే మన గోప్యతకు రక్షణ కలుగుతుంది అన్నది ఆ అంశం. ఇది తీరిక కలవారి చర్చ కాదనీ, సాంచాల మీద పనిచేసే మనిషి బ్రతుకుతో నేరుగా ముడిపడి ఉన్నదనీ చెప్పడమే నా ఉద్దేశం.

సూరత్ పరిస్థితి మీకు నేను వివరించనక్కరలేదు. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలీలు, తదితర శ్రామికులు లింబాయత్ మొదలైన పేటలలో తరాల తరబడి స్థిరపడి ఉన్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపవలసి వచ్చినంతగా మన సంఖ్య ఇక్కడ పెరిగినది. మరమగ్గాల కార్ఖానాలలో పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. ఎంతో మందికి నియామక పత్రం లేదు, వేతన చీటీ లేదు. తాను ఫలానా చోట పనిచేస్తున్నానని ఋజువు చేసుకొనే కాగితమే చాలామంది చేతిలో ఉండదు.

అటువంటి కార్మికునికి సందేహం కలిగినప్పుడు ఎవరిని అడుగుతాడు? సేఠును అడుగలేడు. మేస్త్రీని అడిగితే మాట సేఠు చెవిన పడుతుంది. అందుచేత జేబులోని ఫోనును అడుగుతాడు. సాంచాల చప్పుడుకు చెవులు వినబడకపోతే నష్టపరిహారం వస్తుందా? బకాయి కూలి రాబట్టడం ఎట్లా? యూనియన్‌లో చేరితే పని నుండి తీసివేయవచ్చునా? నెల రోజులుగా దగ్గు తగ్గకపోతే అది ఏ వ్యాధి? హామీ లేకుండా అప్పు ఎవరిస్తారు? భార్యకైనా చెప్పని మాటలు మనిషి ఆ చిన్న గడిలో వ్రాస్తున్నాడు. కార్ఖానాలో అతని పేరిట సరియైన హాజరు పుస్తకం లేదు గాని, అతని ప్రశ్నలకు మాత్రం తేదీ, వేళలతో సహా ఒక చిట్టా తయారవుతున్నది. ఆ చిట్టా ఎవరి వద్ద ఉండాలి, అసలు ఉండవలెనా అన్నదే నేటి ప్రశ్న.

సాధారణంగా జరిగేది ఇది. మనం వ్రాసిన మాటతో పాటు, ఏ ఫోను నుండి, ఏ ఇంటర్నెట్ చిరునామా నుండి, ఏ సమయాన ఆ ప్రశ్న వచ్చినదో సెర్చ్ సంస్థకు చేరుతుంది. మనం జీమెయిల్ ఖాతాతో లోపల ఉన్నట్లయితే అదంతా ఆ ఖాతాకు జమ పడుతుంది. ఖాతా లేకున్నప్పటికీ, కుకీలనబడే గుర్తు చీటీల ద్వారా మన బ్రౌజరును తిరిగి పోల్చుకోగలరు. ఇట్లా పోగుపడిన వివరాలను బట్టి ఈ మనిషికి అప్పు అవసరమున్నది, ఈ మనిషికి జబ్బున్నది అని అంచనా కట్టి, తదనుగుణమైన ప్రకటనలు చూపించే హక్కును వ్యాపారులకు అమ్ముతారు. మన అవసరమే అక్కడ సరుకు.

"పేరు వ్రాయలేదు గదా, నన్నెవరు పోల్చుకొంటారు?" అని కొందరు మిత్రులు అంటూ ఉంటారు. 2006 ఆగస్టులో అమెరికాలోని ఏ.ఓ.ఎల్. సంస్థ, పరిశోధకుల ఉపయోగార్థమని చెప్పి, సుమారు 6,50,000 మంది మూడు నెలల కాలంలో చేసిన దాదాపు 2 కోట్ల శోధనలను బహిరంగపరచినది. పేర్లు తొలగించి వాటి స్థానంలో సంఖ్యలు ఉంచినది. అయినప్పటికీ న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక సంఖ్య క్రింద ఉన్న ప్రశ్నలను వరుసగా చదివి, అవి ఏ ఊరిలోని ఏ వృద్ధ మహిళవో కొద్ది రోజులలోనే కనుగొన్నారు. పేరు లేకున్నా, ప్రశ్నల వరుసే మనిషి ఆనవాలు పట్టించినది.

గోప్యత కొరకు పోరాటం మన దేశానికి కొత్త కాదు. ఉత్తరాలను తెరచి చూచే అధికారాన్ని విస్తృతపరచిన తపాలా సవరణ బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదించగా, దేశమంతటా నిరసన వెల్లువెత్తినది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ దానికి సమ్మతి తెలుపలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించినది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చినది. కాని పోగుచేసిన సమాచారాన్ని కాపాడే చట్టం కంటె, పోగుపడనీయని అలవాటు మన చేతిలో ఉన్న సులభ రక్షణ.

మరి అందరూ ఒకే సెర్చ్ ఇంజన్‌ను ఎందుకు వాడుతున్నారు? అది మంచిదై ఉండవచ్చును గాని, ఫోను కొన్ననాడే అది దానిలో అమర్చబడి ఉండడం మరొక ప్రబల కారణం. ఆ స్థానం కొరకు గూగుల్ సంస్థ 2021వ సంవత్సరంలోనే ఫోను తయారీదారులకు, బ్రౌజరు సంస్థలకు, తదితరులకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానంలో వెల్లడైనది. సెర్చ్ రంగంలో ఆ సంస్థ అక్రమంగా గుత్తాధిపత్యం నిలుపుకొన్నదని న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పు చెప్పారు. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ వ్యవహారంలో రూ. 1,337.76 కోట్ల జరిమానా విధించినది. తదనంతరం, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో సెర్చ్ ఇంజన్‌ను వాడకందారే ఎన్నుకొనే ఏర్పాటు చేస్తామని 2023 జనవరిలో గూగుల్ ప్రకటించినది. కావున ఎంపిక మనకు ఎవరూ దయతో ఇచ్చినది కాదు. దానిని వినియోగించుకొనకపోవడం మన లోపమే అవుతుంది.

ఇక ఎంపిక సంగతి. ఏ సెర్చ్ ఇంజన్‌నైనా నాలుగు ప్రశ్నలు అడగండి. నా ప్రశ్నను, నా చిరునామాను కలిపి దాచుతావా? నీ ఆదాయం ఎక్కడిది? ఫలితాలు ఎక్కడి నుండి తెస్తావు? నీ యజమాని ఎవరు?

2008లో అమెరికాలో మొదలైన డక్‌డక్‌గో, శోధనలను వ్యక్తికి ముడిపెట్టి దాచనని చెబుతున్నది. మనిషిని బట్టి కాక, అప్పుడు వ్రాసిన మాటను బట్టి ప్రకటన చూపి ఆదాయం పొందుతున్నది. ఫలితాలలో అధిక భాగం మైక్రోసాఫ్ట్ వారి బింగ్ నుండి తెచ్చుకొంటున్నది. నెదర్లాండ్స్‌కు చెందిన స్టార్ట్‌పేజ్ మధ్యవర్తి వంటిది. మన ప్రశ్నను తాను తీసుకొని, అడిగినదెవరో తెలుపకుండా గూగుల్ వంటి సంస్థల నుండి జవాబు తెచ్చి ఇస్తుంది. 2021లో ప్రారంభమైన బ్రేవ్ సెర్చ్ తన సొంత సూచికను నిర్మించుకొన్నది.

వీటినీ గుడ్డిగా నమ్మవలదు. 2019లో స్టార్ట్‌పేజ్‌లో ఒక అమెరికన్ ప్రకటనల సంస్థ పెట్టుబడి పెట్టినట్లు తెలిసినప్పుడు వినియోగదారులు నిలదీశారు. డక్‌డక్‌గో బ్రౌజరు, ఇతర వెబ్‌సైట్లలోని మైక్రోసాఫ్ట్ జాడ పట్టే సాధనాలలో కొన్నింటిని అడ్డుకోవడం లేదని 2022 మేలో ఒక పరిశోధకుడు బయటపెట్టగా, విమర్శల ఫలితంగా ఆ ఆగస్టులో దానిని సరిదిద్దుకోవలసి వచ్చినది. సంస్థ చెప్పే మాట మీద కాక, దానిని పరీక్షించే వారి మీద విశ్వాసం ఉంచడం మేలు.

తెలుగులో వెదకునప్పుడు వీటి ఫలితాలు కొన్నిసార్లు తక్కువగా ఉండవచ్చును. అప్పుడు గూగుల్‌ను వాడడం నేరమేమీ కాదు. ఖాతా నుండి బయటికి వచ్చి వాడండి. ఖాతా సెట్టింగులలో "వెబ్ మరియు యాప్ కార్యకలాపం" అనే దానిని ఆపివేయండి. పాతదానిని తుడిచివేయండి. జబ్బు, అప్పు, యూనియన్, కోర్టు వ్యవహారాలకు మాత్రం గోప్యత పాటించే ఇంజన్‌నే మొదట ఉపయోగించండి.

ఈ రక్షణకు హద్దులున్నవి. వాటిని దాచిపెట్టి చెప్పడం మన పద్ధతి కాదు. మొదటిది, సెర్చ్ ఇంజన్ మార్చినంత మాత్రాన మీ ఫోనులోని చరిత్ర చెరగదు. ఒక గదిలో నలుగురు ఉండి ఒకరి ఫోను మరొకరు తీసుకొనే చోట ఇదే పెద్ద ప్రమాదం. దానికి బ్రౌజరులోని ప్రైవేటు కిటికీ ఉపయోగపడుతుంది. అయితే ఆ కిటికీ ప్రక్కవాని కన్నును మాత్రమే కప్పుతుంది. గూగుల్ ఇన్‌కాగ్నిటో పద్ధతిపై 2020లో వేసిన దావాలో, అప్పుడు సేకరించిన వందల కోట్ల నమోదులను నాశనం చేయుటకు ఆ సంస్థ 2024లో అంగీకరించినది. రెండవది, కార్ఖానా వైఫై మీద వెదకితే, వ్రాసిన మాట కనబడకున్నా, ఏ వెబ్‌సైటుకు వెళ్లారో తెలిసే అవకాశమున్నది. అటువంటి పనులకు సొంత డేటా వాడండి. మూడవది, ఫలితం మీద నొక్కిన పిమ్మట మీరు ఆ వెబ్‌సైటు ఆవరణలో ఉన్నట్లే లెక్క. అక్కడ దాని నియమాలే చెల్లుతవి. నాలుగవది, వ్రాయరాని మన సోదరులు ఫోనుతో మాట్లాడి వెదకుతారు. ఆ మాటను అక్షరాలుగా మార్చే పని కీబోర్డు సంస్థ చేస్తున్నట్లయితే, సెర్చ్ ఇంజన్ ఏదైనా మాట ఆ సంస్థకు చేరవచ్చును. ఐదవది, ఏ ఇంజన్ అయినా మోసపు ప్రకటనను పూర్తిగా ఆపలేదు. భవిష్యనిధి కార్యాలయపు ఫోను నంబరును శోధన ఫలితాలలో పైన కనబడినదని నమ్మక, అధికారిక వెబ్‌సైటులోనే చూడండి.

చివరగా యూనియన్ బాధ్యులకు ఒక మాట. సభ్యుడు మన కార్యాలయానికి వచ్చి తన జబ్బు, తన కేసు, తన అప్పు చెప్పుకొన్నప్పుడు, మనం అతని ఎదుటనే కంప్యూటరులో వెదకుతాము. ఆ క్షణాన అతని రహస్యం మన చేతి మీదుగా వెలుపలికి పోతున్నది. సభ్యత్వ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే మనం, ఈ ద్వారాన్ని తెరచి ఉంచడం తగదు. కనుక మూడు పనులు వెంటనే చేయవలసినదిగా కోరుతున్నాను. కార్యాలయపు కంప్యూటరులోను, బాధ్యుల ఫోన్లలోను గోప్యత పాటించే సెర్చ్ ఇంజన్‌ను స్థిరపరచండి. సొంత ఖాతాతో లోపల ఉండి సభ్యుల విషయాలు వెదకకండి. ప్రతి శాఖలో చదువు వచ్చిన ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ఆదివారం నాడు కూర్చొని, వచ్చిన సభ్యుల ఫోన్లలో ఈ మార్పు చేసి, చేసే విధానాన్ని కూడ నేర్పాలి. ఒక్కొక్క ఫోనుకు పది నిమిషాలకు మించి పట్టదు.

కార్మికుడు నిర్భయంగా ప్రశ్న అడగగలిగిన చోటనే సంఘం మొలకెత్తుతుంది. ఆ మొదటి ప్రశ్నను కాపాడే బాధ్యత మనది.