ఇరుపక్షముల గోలు – ఇంటివారి సొమ్ము

తిరుమల కొండ నీడన పుట్టి పెరిగినవారికి హాథీరాం బావాజీ కథ క్రొత్తగా చెప్పనక్కఱలేదు. ఉత్తరదేశమునుండి వచ్చి కొండపై నిలిచిన ఆ భక్తునితో శ్రీనివాసుడు రాత్రివేళలందు పాచికలాడెడివాడనియు, ఒకనాటి తెల్లవారుజామున స్వామి హారము బావాజీకడ నిలిచిపోయెననియు, దొంగతనము మోపి ఆయనను చెఱలో నుంచగా స్వామియే ఏనుగు రూపమున వచ్చి గదినిండ పోసిన చెఱకును తిని భక్తుని నిర్దోషిగా నిలిపెననియు చెప్పుదురు. పాచికల పటమునకు ఇరుప్రక్కల స్వామియు బావాజీయు కూర్చుండిన చిత్రము మన ప్రాంతమున ఎన్నో ఇండ్ల గోడలపై కానవచ్చును. ఆ చిత్రమునకు నమస్కరించు వారెవ్వరును దానిని జూదపు చిత్రమని తలపరు. శకుని చేతిలోనివియు పాచికలే. కాని అచ్చట ఎదుటివాని సొమ్ముపై కన్నున్నది. ఇచ్చట ఎదుటివానిపై ప్రేమ యున్నది. వస్తువొక్కటే, దృష్టి వేఱు.

ఆటకును జూదమునకును గల ఈ భేదమును మనస్సునం దుంచుకొని, నేడు చేతిలోని సెల్‌ఫోనుద్వారా ఇల్లిల్లు చొచ్చుచున్న ఒకానొక పందెమును గూర్చి విచారింతము. అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలలో ‘ఇరుజట్లును గోలు చేయునా, చేయవా?’ అనునదే ఆ పందెము.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములకు పందెము క్రొత్త గాదు. సంక్రాంతి కోడిపందెములు, వాని చుట్టు కాయు పై పందెములు, పేకాట, చీటీపై అంకె వ్రాసియిచ్చు మట్కా – ఇవన్నియు రాయలసీమ ఎఱిగిన వ్యసనములే. 2008లో ఐ.పి.ఎల్. ఆరంభమైన పిమ్మట క్రికెట్ పందెములు ప్రబలినవి. అయితే మట్కా చీటీ వ్రాయించుకొనువాడు సందుచాటున వ్రాయించుకొనెడివాడు. నలుగురు చూతురేమో యని జంకెడివాడు. ఆ జంకే సగము కాపుదల. ఫోనులోని పందెమునకు సందు లేదు, చాటు లేదు. తల్లిదండ్రుల ప్రక్కనే కూర్చుండి, వారితో మాటలాడుచునే, కుమారుడు నెల ఖర్చుల సొమ్మును పోగొట్టుకొనవచ్చును. క్రికెట్‌కొఱకు వచ్చిన ఆ ఏర్పాటులే ఫుట్‌బాల్‌ను కూడ వెంట తెచ్చినవి. 2022 కతర్ ప్రపంచకప్పు ఆటలు మన గడియారము ప్రకారము మధ్యాహ్నము 3-30 మొదలు అర్ధరాత్రి 12-30 వఱకు వరుసగా జరిగినవి. విశ్వవిద్యాలయములును కళాశాలలును నిండిన తిరుపతివంటి పట్టణమున, హాస్టలు గదిలోని యువకునికి నిద్రపట్టని వేళకు సరిగా ఒక పందెము సిద్ధముగా నుండును. ఆ పోటీలో 64 ఆటలు. 2026 పోటీకి ఆ సంఖ్యను 104కు పెంచిరి.

అన్ని పందెములలోను ఇది మిక్కిలి అమాయకముగా కనిపించును. ఎవరు గెలుతురో చెప్పనక్కఱలేదు. ఎన్ని గోళ్లో లెక్కింపనక్కఱలేదు. నిర్ణీత కాలమున ఇరుజట్లును చెఱియొక గోలైనను చేసినచో ‘అవును’ అన్నవాడు గెలుచును. ఏ ఒక్క జట్టు చేయకున్నను ‘కాదు’ అన్నవాడు గెలుచును. కతర్‌లో 64 ఆటలకు 172 గోళ్లు వచ్చినవి. అనగా జట్టుకు సగటున ఒకటికి కొంచె మెక్కువ. ఈ సగటుతో సమానబలముగల రెండు జట్లు తలపడినప్పుడు ఇద్దఱును గోలు చేయు అవకాశము సగమునకు కొంచెము పైగా తేలును. కనుక ఇది నాణెము నెగురవేసినట్లు, బొమ్మా బొరుసా యన్నట్లు తోచును. నష్టము వచ్చినను లాభము వచ్చినను చివరకు సరికి సరి యగునని యువకుడు తలచును. మోసమంతయు ఆ తలపులోనే యున్నది.

లెక్క చూతము. అవకాశము సరిసమానమైనప్పుడు నూఱు రూపాయ లొడ్డి గెలిచినవానికి అసలుతో కూడ రెండువంద లీయవలెను. పందెపు సంస్థ 1.90 అను ధర కట్టిన దనుకొందము. అనగా అసలుతో కూడ 190 రూపాయలు మాత్రమే యిచ్చును. ఒకడు ‘అవును’ అని నూఱు, మఱియొకడు ‘కాదు’ అని నూఱు ఒడ్డిరి. వచ్చినది 200, గెలిచినవాని కిచ్చినది 190. గోలు ఎవరు చేసినను, ఎవరు చేయకున్నను పది రూపాయలు సంస్థవి. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున జూదశాలలపై అధికారిని నియమించి, గెలిచిన సొమ్ములో నూటికి అయిదు వసూలు చేయుమన్నాడు. గెలువవలసిన నూటిలో పది మిగుల్చుకొను నేటి యంత్రము మౌర్యుల జూదశాలకంటె రెండింతలు పిండుచున్నది. ఈ లెక్కన ఒక యువకుడు వేయి రూపాయల చొప్పున ఇరువదిసార్లు పందెమొడ్డినచో మొత్తము 20,000 ఒడ్డినవాడగును. అందు నూటికి అయిదు, అనగా సగటున వేయి రూపాయలు, అతనికి దురదృష్టము లేకుండగనే పోవును. అది ఓటమి కాదు, రుసుము.

ఈ రుసుమును పెంచుటకొక ఉపాయము కూడ కలదు. అయిదు ఆటల పందెములను ఒక్కటిగా ముడివేసి, అన్నియు ఫలించిననే సొమ్మందురు. నూఱు రూపాయలకు 2,476 వచ్చునని తెరపై మెఱయును. కాని సమానావకాశముగల అయిదింటిని వరుసగా చెప్పగలుగుట ముప్పదిరెండింట ఒకమాఱు. న్యాయముగా రావలసినది 3,200. నూటికి అయిదుగా నున్న సంస్థ వాటా ఇట్లు ఇరువదిరెండు దాటినది.

‘నాకు ఆట తెలియును, పాత ఫలితములు తెలియును, గ్రుడ్డిగా ఒడ్డను’ అని కొందఱు వాదింతురు. వారికొఱకు ప్రపంచకప్పు చరిత్రయే ఒక పాఠము నిలిపినది. 1930లో మొదటి పోటీనుండి 1986 వఱకు పదమూడు పోటీలు జరిగినవి. 1950లో ఫైనలను పేరు లేకున్నను, విజేతను తేల్చిన ఉరుగ్వే–బ్రెజిల్ ఆటను కలుపుకొనినచో, ఆ పదమూడు తుది ఆటలలోను ఇరుజట్లును గోలు చేసినవి. ఒక్కటియు తప్పలేదు. ఇంతకంటె గట్టి ఆధార మే జూదరికి కావలెను? ఈ చరిత్రను నమ్మి 1990లో నూఱు రూపాయలతో ఆరంభించి, పోయినప్పుడెల్ల రెట్టింపు చేయుచు పోయినవాని గతి యూహింతము. 1990లో పశ్చిమ జర్మనీ ఒకటి, అర్జెంటీనా సున్న, నూఱు పోయినది. 1994లో బ్రెజిల్, ఇటలీ రెండును సున్న, పెనాల్టీ పోటీలోని గోళ్లు ఈ పందెమున లెక్కకు రావు, రెండువందలు పోయినవి. 1998లో ఫ్రాన్సు మూడు, బ్రెజిల్ సున్న, నాలుగువందలు. 2002లో బ్రెజిల్ రెండు, జర్మనీ సున్న, ఎనిమిదివందలు. మొత్తము 1,500 పోయినవి. 2006లో పట్టు విడువక 1,600 ఒడ్డెను. ఇటలీ, ఫ్రాన్సు జట్లు ఆట మొదలైన 19 నిమిషములలోనే చెఱియొక గోలు చేసినవి. గెలిచెను! లాభమెంత? 1.90 ధరకు 1,440 రూపాయలు. పదునాఱేండ్లు వేచి, కోరిన ఫలితమునే పొంది, ఇంకను అఱువది రూపాయలు బాకీపడెను. రెట్టింపు చేయువాడు ఏదో యొకనాడు తప్పక తేరుకొనునను మాట ఎంత బోలుదో దీనివలన తెలియును. ఆ పిదప 2010, 2014 తుది ఆటలలో మఱల ఒక్క జట్టే గోలు చేసినది. 2018, 2022లో రెండును చేసినవి. వెనుకటి ఆట ముందరి ఆటకు జామీను కాదు. జట్ల బలాబలములనుగూర్చి మనకు తెలిసినదంతయు ధర కట్టువానికి మనకంటె ముందుగనే తెలిసియుండును. ఆ తెలివికి వెల కట్టియే మనకు అమ్మును.

ధననష్టముకంటె సూక్ష్మమైన నష్ట మింకొకటి కలదు. గెలుపు పందెమొడ్డినవానికి కనీసము ఒక పక్షమైన నుండును. ఈ పందెగానికి పక్షము లేదు. 2014 జూలై 8న బెలో హొరిజొంటెలో బ్రెజిల్ తన దేశమునందే, తన ప్రజల యెదుటనే, జర్మనీచేత ఏడు గోళ్లు తినెను. తొంబదవ నిమిషమున ఆస్కార్ అను ఆటగాడొక గోలు చేసెను. ఆ గోలు బ్రెజిల్ దుఃఖమును తీర్పలేదు, జర్మనీ గెలుపును తగ్గింపలేదు. ఆటకు దానితో పని లేదు. పందెమునకు మాత్రము ప్రాణమంతయు అందే యున్నది. ఒక మహాజట్టు కూలుచుండగా చూచువాడు శోకింపలేదు, విజేతల నైపుణ్యమునకు మెచ్చలేదు. గంటన్నరసేపు తనకు రావలసిన బాకీకై గడియారము చూచుచు కూర్చుండెను. 2010లో స్పెయిన్ నాకౌటు దశలోని నాలుగాటలను వరుసగా ఒకటి–సున్నతో గెలిచి కప్పు నందుకొనెను. బంతిని అంత ఒడుపుగా చేతికందనీయక ఆడిన జట్టును ‘అవును’ అని ఒడ్డినవాడు తిట్టుకొనుచునే చూచియుండును. రసము పోయిన పిమ్మట ఆటలో మిగులున దేమి?

చట్టమేమనుచున్నది? పందెము, జూదము అనునవి రాజ్యాంగమున రాష్ట్రముల జాబితాలో 34వ అంశము. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము 1974 నాటిది; 2020లో దానిని సవరించి ఆన్‌లైన్ జూదమును కూడ నిషేధపు పరిధిలోనికి తెచ్చిరి. అటుపిమ్మట పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందినది. రమ్మీ నేర్పుతో కూడిన ఆటయని 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రపు వ్యాజ్యముననే తీర్పు చెప్పినది మొదలు, నేర్పా అదృష్టమా అను చర్చ సాగుచుండెను. 2025 చట్టము ఆ భేదమును పాటింపక, సొమ్మొడ్డి ఆన్‌లైన్‌లో ఆడు ఆటల నన్నింటిని నిషేధించుచున్నది. నడుపువారికి మూడేండ్ల వఱకు జైలు, కోటి రూపాయల వఱకు జరిమానా; ప్రకటనలు చేయువారికి రెండేండ్లు, ఏబది లక్షలు. ఆడినవానిని మాత్రము నేరస్థునిగా గాక బాధితునిగా చూచుట గమనింపదగినది. మఱియొక పాత చట్టమును కూడ ఎఱిగియుండవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను ప్రకారము పందెపు ఒడంబడిక చెల్లదు. విదేశమున ఎచ్చటనో కూర్చుండిన సంస్థ గెలిచిన సొమ్మీయ ననినచో ఏ కోర్టును దానిని ఇప్పింపదు. ఓడిన సొమ్ము మాత్రము అప్పటికే పోయియుండును.

ఇక ఇంటి మాట. పందెపు అప్పు మొదట చిన్నది. స్నేహితుని వద్ద అయిదువందలు, కళాశాల ఫీజులో రెండువేలు, పిమ్మట ఫోనులోనే దొరకు చేబదులు, అటుపై అమ్మ గాజులు. ‘ఈ ఒక్కటి గెలిచినచో కొండకు నడచి వత్తు’నని మ్రొక్కుకొనువారును కలరు, కుబేరుని అప్పునకు నేటికిని వడ్డీ కట్టుచున్నాడని మనము చెప్పుకొను స్వామికి ఈ అప్పు కూడ ఒప్పగించుట ఏమి న్యాయము? పిల్లవాడు ఫోను దాచుట, అర్ధరాత్రులు మేలుకొనుట, కారణములేని చిఱాకు, లెక్కతేలని ఖర్చు – ఇవి కనిపించినప్పుడు తల్లిదండ్రులు కేకలు వేసినచో అతడు మఱింత లోతునకు పోవును. ‘నాయనా, ఎంత బాకీ? దాపక చెప్పు’ అని మెల్లగా అడిగిననే మాట బయటకు వచ్చును. బాకీ పూర్తిగా తెలిసికొని, కాగితముపై వ్రాసి, అతని చేతనే కొంచెము కొంచెముగా తీర్పించుట మేలు; రహస్యముగా మొత్తము తీర్చివేసినచో మఱల ఒడ్డుటకు దారి చేసినట్లగును. తన బ్యాంకు ఖాతాను ఇతరుల లావాదేవీలకు అద్దెకిచ్చు పనికి పోకుండ చూడవలెను. అది వేఱొక నేరమునకు గుమ్మము. మనస్సు కుంగినవానికి 14416 అను టెలీ–మానస్ నంబరున ఉచితముగా సలహా దొరకును. సొమ్ము మోసపోయినవారు 1930 అను సైబరు సహాయ నంబరునకు ఆలస్యము చేయక తెలుపవలెను.

ఆటను మానుమని చెప్పుట నా యుద్దేశము గాదు. ఫుట్‌బాల్ మన తెలుగునేలకు పరాయిది గాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టును నడపిన శిక్షకుడు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్టులో సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఉండెను. మనవారు ఆస్ట్రేలియాను నాలుగు–రెండు గోళ్లతో ఓడించి సెమీఫైనలు చేరిరి. అచ్చట యుగోస్లావియాపై మొదటి గోలు మనదే. కాని చివరకు ఒకటి–నాలుగుతో ఓడితిమి. ఒకనాడు గర్వము, ఒకనాడు కంటనీరు. ఇరుజట్లును గోలు చేయునని ఆ రెండు దినములును పందెమొడ్డిన వాడొకడు ఉండియుండినచో, అతడు రెండు దినములును గెలిచెడివాడే. తన దేశపు గెలుపును, తన దేశపు ఓటమియు అతనికి ఒక్కతీరుగ తోచియుండెడివి. జేబు నిండినను ఆ ఆటలో అతడు పోగొట్టుకొనిన దేమియో, ఆట చూచి యేడ్చినవాడు చెప్పగలడు.