నూట ఇరవై రోజుల మాట
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠం)



తల్లి గర్భంలోని పిండం రూహ్ కలిగిన మనిషి ఎప్పుడవుతుంది? ఇది పండితుల చర్చ మాత్రమే కాదు. నెలలు నిండకుండా బిడ్డను పోగొట్టుకున్న ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న.

దివ్య ఖుర్‌ఆన్ మూమినూన్ సూరా 12 నుండి 14 వరకు గల ఆయతులలో పిండం దశల వర్ణన ఉన్నది. బిందువుగా, రక్తముద్దగా, మాంసపుముద్దగా నలభయ్యేసి రోజులు గడిచిన పిదప దైవదూత వచ్చి రూహ్ ఊదునని హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్నది. మొత్తం 120 రోజులు. ముస్లిం గ్రంథంలోనే 42 రాత్రుల ప్రస్తావన గల మరో హదీసు ఉన్నా, అత్యధిక ఉలమాలు 120 రోజుల మాటనే స్వీకరించారు.

గుండె నాలుగో వారంలోనే కొట్టుకోవడం మొదలవుతుందని డాక్టర్లంటారు కదా, మరి అది ప్రాణం కాదా అని అడుగుతారు. జీవం వేరు, రూహ్ వేరు. రూహ్‌కు ముందున్నది మొక్కకుండే ఎదుగుదల వంటిదని ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ ఏనాడో వివరించారు.

ఇక్కడ లెక్కలో ఒక తిరకాసు ఉంది. డాక్టరు చీటీలో వారాలు ఆఖరి బహిష్టు నుండి లెక్కిస్తారు. గర్భం నిలిచేది సుమారు రెండు వారాల తరువాత. కనుక మన 120 రోజులు చీటీ ప్రకారం దాదాపు 19 వారాలు.

అంతకు ముందు పిండానికి విలువ లేదనుకోరాదు. తొలి దశలో తీయించడం కూడా తప్పేననీ, దశ పెరిగేకొద్దీ ఆ తప్పు పెరుగుతుందనీ ఇమామ్ గజాలీ అన్నారు. మాలికీలలో అత్యధికులు మొదటినుంచే కూడదన్నారు. హనఫీలలో కొందరు తగిన కారణముంటే 120 రోజుల లోపు ఒప్పుకున్నారు. నయంకాని తీవ్ర అవకరం ఉన్నదని నమ్మకస్తులైన డాక్టర్ల బృందం తేల్చినప్పుడు, తల్లిదండ్రులు కోరితే, ఆ గడువులోపు అనుమతించవచ్చునని 1990లో మక్కాలోని ఫిఖ్హ్ మండలి తీర్మానించింది.

ఇక బిడ్డ దానంతట అదే పోతే? అవయవాలు ఏర్పడిన బిడ్డకు పేరు పెట్టి, స్నానం చేయించి, గుడ్డలో చుట్టి ఖననం చేయాలని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. పుట్టినాక ప్రాణం ఉన్న గుర్తు లేకపోతే జనాజా నమాజు లేదు. నాలుగు నెలలు దాటితే నమాజు కూడా ఉన్నదని హంబలీలు అంటారు.

ఈ సంగతి తెలియక ఎందరో ఆసుపత్రి నుండి ఉత్త చేతులతో వచ్చేస్తున్నారు. 2016 నిబంధనల ప్రకారం నెలలు చాలని పిండాన్ని ఆసుపత్రి వ్యర్థంగా పసుపు సంచిలో వేస్తారు. కాబట్టి మేము కోరేది ఒక్కటే. బిడ్డను మాకివ్వండని ముందుగానే అడగండి. “ఏదో పోయిందిలే, మళ్ళీ పుడతారు” అని తల్లి నోరు మూయించకండి. ఆమె ఏం తిన్నదో, ఎక్కడికి వెళ్ళిందో తవ్వకండి. పోయినది ఆమె బిడ్డ. పేరు పెట్టనివ్వండి, ఏడవనివ్వండి. ఖబరస్తాన్‌లో ఆ చిన్న గుంట తవ్వేటప్పుడు తండ్రిని ఒంటరిగా వదలకుండా మనం నలుగురం పక్కన నిలబడదాం.

అల్లాహ్ ఆ తల్లిదండ్రులకు ఓర్పునిచ్చుగాక. ఆమీన్.